నాలుగో సీసా

మూడు ఆదివారాల్లో మూడు సీసాలు ఖాళీ అయ్యాయి. పళ్ళ డాక్టరు పోయేముందు ఇంటివాళ్ళకి అప్పగించిన పని, ఆరు నెలలు ఆలస్యంగా మొదలైనా, అంతవరకూ సజావుగానే సాగింది. ఇంటి అడుగున, రోగుల దవడల ప్లాస్టరు అచ్చులు దాచుకునే చల్లటి గదిలో ఆయన పన్నెండు సీసాలు పడుకోబెట్టి ఉంచాడు. ఫ్రాన్సు దేశంలోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైను. అన్నీ ఒకే తోటవి, ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి ఒకే పంటవి. "అమ్మొద్దు, దాచొద్దు. వారానికొకటి తీయండి. మా టీపొడికి తాగడం ఎవరైనా నేర్పుతారు, మీరు రుచి చూడడం నేర్పండి" అని ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పాడు.

టీపొడి ఆయన మేనకోడలు. తేయాకు కంపెనీలో రోజుకి రెండు వందల కప్పులు రుచి చూసి, ఏది పనికొస్తుందో ఏది రాదో తేల్చి చెప్పే ఉద్యోగం. ఆ పేరు మావయ్య పెట్టిందే. రెండు నెలల కిందట ఒక సరుకులో పొగ వాసన తగులుతోందని ఆమె అంది. పక్కనున్న ఐదుగురికీ ఏమీ తగల్లేదు. "నిప్పు లేనిదే పొగ రాదమ్మా" అని నవ్వారు. "నాలిక కుదుటపడ్డాక రండి" అని పై అధికారి సెలవు మీద పంపించాడు. ఆ రోజు నుంచి ఆమెకి పాలు విరిగాయో లేదో చెప్పడానికి కూడా భయంగానే ఉంది. ఇంట్లో ఎవరైనా అడిగితే, మీరే చూసుకోండి అని గిన్నె చేతికిచ్చేస్తోంది.

నేర్పే బాధ్యత బిరడా బాబాయిది. డాక్టరుకి ప్రాణస్నేహితుడు. పెద్ద హోటల్లో ముప్పై ఏళ్ళు వైను గది చూసుకుని రిటైరయ్యాడు. తీసిన ప్రతి సీసా బిరడానీ దాచుకునే అలవాటు వల్ల అసలు పేరు జనం మరిచిపోయారు. ఇక మూడో మనిషి అత్త, డాక్టరు భార్య. ఆవిడ చుక్క ముట్టదు. బల్ల చివర కూర్చుని గళ్ళనుడికట్టు నింపుకుంటూ, వీళ్ళిద్దరి మాటలూ వింటూ ఉంటుంది.

నాలుగో ఆదివారం ఉదయం పదకొండింటికి బిరడా బాబాయి వచ్చేసరికి భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. గ్లాసులు, గాజు కూజా, కొవ్వొత్తి, వాటి మధ్య సీసా. గుమ్మంలోనే ఆగిపోయాడాయన. గత మూడు వారాలూ కిందకి దిగి సీసా తెచ్చింది తనే.

"నేను తెచ్చేవాణ్ణి కదా వదినా" అన్నాడు, గొడుగు మూల పెడుతూ.

"నీ మోకాళ్ళ సంగతి చూశాగా పోయిన వారం. మెట్టు మెట్టుకీ ఒక అమ్మా, ఒక అయ్యో. అందుకే నేనే తెచ్చా. మడ్డి కిందకి దిగాలని శుక్రవారమే నిలబెట్టేశా."

"ఏ వరసలోది?"

"కింది వరస, గోడ పక్కది. ఏదైతేనేం, అన్నీ ఒకటేగా?"

బిరడా బాబాయి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

పాత సీసా తీయడం చూడముచ్చటైన పని. ముప్పై ఏళ్ళు తడిలో నానిన బిరడా పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి దానిలోకి మర దించరు. రెండు సన్నటి రేకులున్న పనిముట్టుని బిరడాకీ గాజుకీ మధ్య అటొకటి ఇటొకటి దించి, అటూ ఇటూ కదుపుతూ పైకి లాగుతారు. "నా పనీ ఇదే, నీ పనీ ఇదే. నీ రోగి అరవడు, అంతే తేడా" అని డాక్టరు తన స్నేహితుణ్ణి ఆటపట్టించేవాడు. ఇవాళ బిరడా పేచీ పెట్టకుండా వచ్చేసింది. మొదటి మూడిటినీ సాసర్లో పెట్టి టీపొడికి చూపించిన మనిషి, దీన్ని మాత్రం అటు తిరిగి చొక్కా జేబులో వేసుకున్నాడు.

కొవ్వొత్తి వెలుగు సీసా మెడలోంచి కనిపించేలా పట్టుకుని, వైనుని కూజాలోకి సన్నటి ధారగా వంచాడు. అడుగునున్న మడ్డి నల్లటి దారంలా మెడ దాకా పాకగానే చెయ్యి ఆపేశాడు. మూడు గుటకలంత సీసాలోనే మిగిలింది.

టీపొడి తన గ్లాసుని తెల్లగుడ్డ మీదకి వంచి చూసింది. మధ్యలో ముదురెరుపు. అంచున ఇటుకరంగు. వైను అంచుల నుంచి ముసలిదవుతుందనీ, మనిషికి చెంపల దగ్గర మొదట నెరిసినట్టేననీ మొదటి వారమే నేర్చుకుంది. రంగు చూస్తే వయసులో పెద్ద తేడా లేదు. గ్లాసు తిప్పకుండా ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఒకసారి తిప్పి మళ్ళీ పెట్టుకుంది.

ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి.

మొదటి మూడు సీసాల్లోనూ ముందుగా తగిలింది పెన్సిలు చెక్కినప్పుడు రాలే పొట్టు వాసన. దాని వెనకే చాలాకాలం మూసి ఉంచిన చెక్కబీరువా, వాన వెలిశాక నేల మీద మాగుతున్న ఆకులు, ఎక్కడో అడుగున ఎండిన గులాబీ. మూడూ ఒక తల్లి పిల్లలే. ఒకటి బక్కది, ఒకటి బొద్దుది, మూడోది కాస్త అలిగినట్టు ముభావంగా ఉంది. కానీ ముక్కు తీరు మాత్రం ఒకటే. దీనిలో పెన్సిలు లేదు. బీరువా లేదు. ఎండు రేగుపళ్ళ సంచీ మూతి విప్పినట్టుంది. వెనకాల కొత్త తోలు వాసన.

ఒక గుటక నోట్లో పోసుకుని, పెదవుల సందులోంచి గాలి పీల్చి, నాలుక మీద అటూ ఇటూ దొర్లించింది. ఆఫీసులో తేనీరుతో రోజూ చేసే పనే. వగరు సంగతి ఆమెకి బాగా తెలుసు, జీవనాధారమే అది. మొదటి మూడిటి వగరు చిగుళ్ళ మీద సన్నటి నూలుబట్ట ఆడించినట్టుండేది. దీని వగరు మఖ్మలు.

"బాబాయ్" అంది మెల్లగా, "ఇది వేరే."

"ఏం వేరే?"

"ఆ మూడిటికీ దీనికీ చుట్టరికం లేదు."

బిరడా బాబాయి తన గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, తల ఊపాడు. "పాత వైనుకి తోట పేరూ పంట ఏడూ చూసి మురిసిపోకూడదమ్మా. ముప్పై ఏళ్ళు దాటాక ప్రతి సీసాదీ దాని బతుకు దానిదే. ఒకదాని బిరడా కాస్త ఎక్కువ గాలి పీలుస్తుంది, ఒకటి తక్కువ పీలుస్తుంది. ఒకటి గోడ పక్కన పడుకుంటుంది, ఇంకోటి తలుపు పక్కన. కవల పిల్లలు మాత్రం ఒక్కలా ముసలివాళ్ళవుతారా?"

"అవరు. కానీ కవలలు ముసలివాళ్ళయినా కవలలే. ఇది పక్కింటి పిల్ల."

అత్త కలం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"మీరే చెప్పారు కదా బాబాయ్, రెండో వారం" అంది టీపొడి. ఆమెకి ఉత్సాహం వచ్చేసింది, కుర్చీ ముందుకి జరుపుకుంది. "అక్కడ నదికి ఒక ఒడ్డున గులకరాళ్ళ నేల, దానిలో పండే ద్రాక్షకే ఈ పెన్సిలు వాసనా, బిగువూ. అవతలి ఒడ్డున బంకమట్టి, అక్కడ వేరే ద్రాక్ష, మెత్తగా పండుపండుగా ఉంటుంది అని. ఇది అవతలి ఒడ్డుది. సీసా మీద పేరు మాత్రం ఇవతలి ఒడ్డుది. అదెలా కుదురుతుంది?"

"కుదరదు. అందుకే నువ్వు పొరబడుతున్నావంటున్నా."

"మరి పెన్సిలు ఏదీ?"

"ఉంది. నాకు తగుల్తోంది."

"నాకు తగలట్లేదే!"

బిరడా బాబాయి గ్లాసు కింద పెట్టాడు. కిటికీ వైపు చూస్తూ, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"నీ నాలిక ఇంకా కుదుటపడలేదేమో అమ్మా."

టీపొడి ముఖం పాలిపోయింది. ఆ మాట ఆఫీసులో విన్నప్పుడు ఏడుపు రాలేదు, ఇప్పుడు వచ్చేలా ఉంది. ఈ ఇంట్లో, ఈ బల్ల దగ్గర, మూడు వారాలుగా "అదీ, పట్టేశావు" అంటూ భుజం తట్టిన మనిషి నోటి నుంచి వచ్చింది మరి. నిజమేనేమో అనుకుంది. నిజమేనేమో బాబాయ్ అని పైకే అనబోయి నోరు కూడా తెరిచింది.

కానీ మింగిన గుటక తాలూకు రేగుపండు నోట్లోంచి పోవడం లేదు. ఇంకో గుటక తీసుకుంది. మళ్ళీ అదే. మూడోసారీ అదే. చెడిపోయిన నాలుక ఒకసారి అబద్ధం చెబుతుంది, రెండోసారి ఇంకో అబద్ధం చెబుతుంది. ప్రతి గుటకకీ ఒకే అబద్ధం ఎందుకు చెబుతుంది?

"మా ఆఫీసులో ఇలాంటి తగువొస్తే ఒక పద్ధతుంది" అంది. "మూడు కప్పులు పెడతారు. రెండిట్లో ఒకటే సరుకు, మూడో దాంట్లో వేరేది. ఏది వేరో కళ్ళు మూసుకుని చెప్పాలి. ఒకసారి చెబితే గుడ్డిదెబ్బ అనుకోవచ్చు. మూడుసార్లు చెబితే కాదు. నాకు ఇంకో సీసా కావాలి."

"వారానికొకటే అన్నాడు వాడు!" బిరడా బాబాయి గొంతు పెరిగింది. "పైగా పడుకోబెట్టి ఉన్న సీసాని ఇప్పటికిప్పుడు లేపితే మడ్డంతా కలిసి బురద తాగినట్టుంటుంది. వృథా అవుతుంది వదినా, మీరైనా చెప్పండి."

"అవదు" అంది అత్త, కలానికి మూత పెడుతూ. "శుక్రవారం ఇంకోటి కూడా నిలబెట్టా. పై వరసలోది."

"రెండెందుకు?"

"ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని. ఇన్నేళ్ళు సంసారం చేసినదాన్ని, ఆ మాత్రం ముందుచూపు ఉండదా?"

"మరి వాడి మాటో?"

"ఆయన మాట ఆయన బతికుండగానే సగం వినలేదు. ఇప్పుడు కొత్తగా నేర్చుకోమంటావా?"

అత్త లేచి వెళ్ళి అయిదో సీసా, ఇంకో గాజు కూజా తెచ్చింది. తీసింది బిరడా బాబాయే. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల సీసాలు తీసిన చేతులో అవి! ఇవాళ రేకులు జారాయి, బిరడా సగానికి విరిగింది, మిగతా సగం తీయడానికి చాలాసేపు పట్టింది. సీసా మూతి తెరుచుకోగానే, బల్లకి ఇవతల కూర్చున్న టీపొడికి ఎవరో ఆ క్షణంలోనే పెన్సిలు చెక్కినట్టు వాసన వచ్చింది.

అత్త తన భుజం మీది తువ్వాలుతో ఆమె కళ్ళకి గంతలు కట్టబోయింది.

"వద్దత్తా, సబ్బు వాసనొస్తోంది. ఉతికి చాలా రోజులైనది ఏదైనా ఉందా?"

"మా ఇంటి మురికి గుడ్డ కోసం ఇంతగా బతిమాలింది నువ్వొక్కదానివే" అంటూ అత్త బీరువాలోంచి పాత రుమాలు ఒకటి వెతికి తెచ్చి కట్టింది. తర్వాత రెండు కూజాలూ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. గ్లాసుల అడుగున ఏది ఏదో రాసిన చిన్న కాగితం ముక్కలు అంటించి, మూడు గ్లాసులు పళ్ళెంలో పెట్టి తెచ్చింది.

మొదటి విడత టీపొడికి ఎక్కువసేపు పట్టలేదు. "మధ్యది" అంది. అత్త గ్లాసు ఎత్తి అడుగు చూసి, "ఊఁ" అంది.

రెండో విడత కష్టమైంది. నోట్లో వగరు పేరుకుపోయి అన్నీ ఒకటిగా తోచాయి. మంచినీళ్ళు అడిగి పుక్కిలించింది. చిన్నప్పుడు మావయ్య పంటి కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పళ్ళ సందుల్లో ఏం చిక్కుకుందో నాలికతో నువ్వే వెతుక్కో, కళ్ళకంటే దానికే బాగా తెలుసు అనేవాడు. ఆమె నాలుకని చిగుళ్ళ వెంట మెల్లగా నడిపించింది. మొదటి గ్లాసు వగరు పంటి మొదళ్ళ దగ్గర నిలబడింది. రెండోదీ అక్కడే నిలబడింది. మూడోది ఎక్కడా నిలవలేదు, జారిపోయింది.

"చివరిది."

"ఊఁ" అంది అత్త మళ్ళీ.

బిరడా బాబాయి కుర్చీ కిర్రుమంది.

మూడో విడత గ్లాసులు వచ్చాయి. ఆమె మొదటిది వాసన చూసింది, రెండోది చూసింది, మూడోది చూసింది. వెనక్కి వచ్చి మళ్ళీ మొదటిది. ఒక్కొక్క గుటక తీసుకుంది. ఎంతసేపటికీ ఏమీ చెప్పలేదు. పై పెదవి మీద చెమట పట్టింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బిరడా బాబాయి. ఆ గొంతులో ఆశ ఉందని ఆమెకి చీకట్లో తెలిసిపోయింది, ఏ ఆశో మాత్రం తెలియలేదు.

"అత్తా, నువ్వు పొరపాటు చేశావేమో."

"ఏం పొరపాటు?"

"ఇందులో వేరేది లేదు. మూడూ ఒకటే. మూడూ ఇప్పుడు తీసిన సీసావే."

గంతలు విప్పేసరికి అత్త ఎదురుగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి నవ్వుతోంది. మూడు గ్లాసులూ ఎత్తి అడుగులు చూపించింది. మూడు కాగితాల మీదా అయిదు అంకె.

"పిల్ల గట్టిది" అంది. "కావాలనే పోశా. లేని తేడాని కూడా కనిపెట్టే రకమో కాదో చూద్దామని."

టీపొడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆఫీసులో ఆ సరుకులో పొగ ఉంది. ఉండే ఉంటుంది. ఐదుగురికి తగలనంత మాత్రాన పొగ పోదు. రేపే వెళ్ళి, మూడు కప్పులు పెట్టమంటుంది. కానీ ఆ సంతోషం సగంలో ఉండగానే ఇంకో సంగతి ఆమెకి తట్టింది. ఆమె నాలుక సరైనదే అయితే, పెన్సిలు వాసన తగుల్తోందన్న మనిషి మాటేమిటి?

"ఇప్పుడు మీ వంతు బాబాయ్."

"నాకెందుకమ్మా? నా ముక్కు ముసలిదైపోయింది."

"ఫరవాలేదు. గంతలు కూడా కట్టం."

అత్త వంటింట్లోకి వెళ్ళి ఇంకో మూడు గ్లాసులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. బిరడా బాబాయి వాటిని చాలాసేపు చూశాడు. మొదటిది ఎత్తాడు, దించాడు. రెండోది ముక్కు దాకా కూడా వెళ్ళలేదు, దారిలోనే ఆగిపోయింది. దాన్ని వేలితో పక్కకి నెట్టేశాడు. మూడోది ముట్టుకోలేదు.

అత్త ఆ పక్కకి నెట్టిన గ్లాసు ఎత్తి అడుగు చూపించింది. నాలుగు అంకె.

"ఎంతసేపు పట్టింది బాబాయ్?" అంది టీపొడి. "సగం ఊపిరి. ఇందాక మొదటిసారి వాసన చూసినప్పుడు కూడా అంతే పట్టి ఉంటుంది. మీకు అప్పుడే తెలుసు."

ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"అప్పుడే కాదు" అన్నాడు చివరికి. "బల్ల మీద సీసా చూడగానే తెలుసు." జేబులోంచి బిరడా తీసి సాసర్లో పెట్టాడు. టీపొడి దాన్ని వెలుతురులోకి తిప్పింది. పక్కన కాల్చి ముద్రించిన తోట పేరు, సీసా మీదున్న పేరు కాదు.

"ఇరవై రెండేళ్ళ కిందట మీ మావయ్య పళ్ళ డాక్టర్ల సభకని నెల్లాళ్ళు వేరే దేశం వెళ్ళాడు. గది వేడెక్కకుండా చూస్తుండమని తాళంచెవి నాకిచ్చాడు. నేను ఒక సీసా తీశాను. ఖాళీ సీసాకి ఆవిరి పట్టి పేరున్న కాగితం ఊడదీసి, నా దగ్గరున్న అవతలి ఒడ్డు సీసాకి అంటించి, ఆ ఖాళీలో పెట్టాను. వాడు రాగానే చెప్పేద్దామనుకున్నా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని ఇరవై రెండేళ్ళు లాగాను. చివరికి ఆసుపత్రిలో కూడా నోటి దాకా వచ్చింది. వాడు నా చెయ్యి పట్టుకుని, నువ్వు తప్ప ఆ సీసాల్ని ఇంకెవరు ముట్టుకున్నా నాకు నమ్మకం లేదురా అన్నాడు. ఇంకేం చెప్పను?"

"అందుకే వారం వారం మీరే తెచ్చారు."

"ఆఖరి వారం దాకా దాన్ని తప్పిద్దామనుకున్నా. ఆ తర్వాత పగలగొట్టేసి, చెయ్యి జారిందంటే సరిపోయేది."

టీపొడి బిరడాని సాసర్లో పెట్టేసింది.

"సీసా మార్చినందుకు నాకు కోపం లేదు బాబాయ్. అది మీకూ మావయ్యకీ మధ్య సంగతి. నేను నిజం చెప్పానని మీకు తెలుసు. తెలిసీ, నా నాలికే చెడిందన్నారు. ఆ మాట ఎక్కడ తగుల్తుందో మీకు తెలిసే అన్నారు. ఇంకాసేపు ఆగితే నేను నమ్మేసేదాన్ని. ఉద్యోగం మానేసేదాన్ని కూడా."

బిరడా బాబాయి కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడవలేదు. "నరం లేని నాలిక అంటారే, అది నాదమ్మా, నీది కాదు. ఆ మాట బయటికి రాగానే కరుచుకున్నా. కానీ వెనక్కి తీసుకోవాలంటే మిగతాదంతా చెప్పాలి. భయమేసింది. నన్ను నువ్వు క్షమించకపోయినా ఫరవాలేదు, నీ నాలికని మాత్రం ఇంకెప్పుడూ అనుమానించకు. ముప్పై ఏళ్ళలో అలాంటిది నేను రెండోసారి చూస్తున్నా."

ఆమె కోపం ఎక్కువసేపు నిలబడే రకం కాదు. దాని చోట్లోకి ఇంకోటి వచ్చి కూర్చుంది. ఏదైనా రుచి పూర్తిగా అంతుపట్టేదాకా ఉమ్మేయలేని వృత్తి ఆమెది.

"ఒక్కటి చెప్పండి. హోటల్లో మీ చుట్టూ వేల సీసాలు. మీ ఇంట్లోనూ మంచివి ఉన్నాయి. తాగాలనిపిస్తే అవి తాగొచ్చు. ప్రాణస్నేహితుడు నమ్మి తాళమిచ్చిన గదిలోంచే ఎందుకు తీశారు?"

బిరడా బాబాయి సాసర్లోని బిరడాని వేలితో దొర్లించాడు. "ఆ రోజు అలా జరిగింది" అన్నాడు. "పాత కథ, వదిలెయ్యమ్మా."

అంతలో అత్త చెయ్యి చాచింది. బల్ల మీది అయిదో సీసా తాలూకు గ్లాసు ఒకటి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చుక్క ముట్టని మనిషి, గ్లాసు కాడని రెండు వేళ్ళతో అలవాటైనట్టు పట్టుకుని, ఒక గుటక తీసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకుంది.

"మెత్తబడింది" అంది మింగాక. "అప్పుడు చిగుళ్ళు పట్టేసేది. నోరంతా బిగుసుకుపోయేది. ఇంకో ఇరవై ఏళ్ళు ఆగాల్సిన వైను ఇది, తొందరపడ్డాం అన్నావు నువ్వు. నిజమే చెప్పావు బిరడా."

"అప్పుడా?" అంది టీపొడి. "అత్తా, ఎప్పుడు?"

"వద్దు వదినా" అన్నాడు బిరడా బాబాయి. బతిమాలుతున్నట్టుంది.

"ఎందుకొద్దు? పిల్ల కళ్ళు మూసుకుని ఇంత కనిపెట్టింది, కళ్ళు తెరిచి ఇది వినలేదా? గోడ పక్క సీసా ఏదో నీకొక్కడికే తెలుసనుకున్నావా? నేను కావాలనే తెచ్చి పెట్టా. ఆయన పోయి ఏడు నెలలైంది, ఇంకా ఎవరి కోసం మూత బిగించుకుని కూర్చుంటాం?" అత్త టీపొడి వైపు తిరిగింది. "ఆ రోజు తీసిన సీసా వీడొక్కడే తాగలేదే. ఈ బల్ల మీదే తాగాం. మూడు గ్లాసులు. ఒకటి వీడిది, ఒకటి నాది."

"మూడోది?"

"మీ అమ్మది."

టీపొడి కుర్చీలో వెనక్కి వాలింది. అమ్మ! సొంత అన్నయ్య ఇల్లు ఇదే ఊళ్ళో, ఇరవై నిమిషాల దూరంలో ఉన్నా, ఇరవై రెండేళ్ళుగా ఈ గడప తొక్కని అమ్మ. ప్రతి సెలవులకీ కూతుర్ని గేటు దగ్గర దింపి, లోపలికి తొంగి కూడా చూడకుండా వెళ్ళిపోయే అమ్మ. అన్నయ్య పోయిన రోజు కూడా గేటు బయటే ఎండలో నిలబడి, అందరూ కదిలాక వెనకే నడిచి వెళ్ళిన అమ్మ. ఎందుకని అడిగితే, పెద్దవాళ్ళ గొడవలు అని తప్ప ఇంకో మాట ఏ రోజూ చెప్పలేదు.

"ఆ రోజు ఏం జరిగింది?"

"నా వంతు నేను చెప్పా. మిగతాది మీ అమ్మ సొత్తు. దాన్నే అడుగు."

టీపొడి ఫోన్ తీసింది. బిరడా బాబాయి అడ్డం పడబోయి ఆగిపోయాడు. రెండు రింగులకే అవతల అమ్మ పలికింది.

"అమ్మా, అత్తా వాళ్ళింట్లో ఉన్నా. మావయ్య సీసాలు తీస్తున్నాం కదా. ఇవాళ గోడ పక్కది తీశాం."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. లైను పోయిందేమోనని టీపొడి ఫోన్ చూసుకుంది, పోలేదు.

"అమ్మా?"

"ఎన్ని తీశారు మొత్తం?" అమ్మ గొంతు ఎప్పుడూ వినని గొంతులా ఉంది.

"అయిదు."

"నేను లేకుండా మిగతా ఏడూ ముట్టుకోకండి. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నేను వస్తున్నా."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటే? మా అన్నయ్య ఇంటికి."

ఫోన్ పెట్టేసింది. టీపొడి విన్నది విన్నట్టు చెప్పింది. బిరడా బాబాయి ఒక్క ఉదుటున లేచి, మోకాళ్ళ సంగతే మరిచిపోయి, మూలనున్న గొడుగు అందుకుని గుమ్మం వైపు నడిచాడు. కానీ అప్పటికే అత్త తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"కూర్చో బిరడా" అంది. "ఆ రోజు కూడా దీని అమ్మ నీతో మాట్లాడబోతుంటే నువ్వు ఇలాగే లేచి వెళ్ళిపోయావు. అది మళ్ళీ ఈ గడప తొక్కలేదు."